ప్రార్థన బృందంలోకి కొత్త సహోదరిని తీసుకునే ముందు ఎలా వివేచించాలి

"అక్కా, మా ప్రార్థనలోకి ఒక ఆవిడ వస్తానంటున్నారు. తీసుకోమంటారా? ఆమె ఎలాంటిదో ఎలా తెలుస్తుంది?" స్త్రీల కూడికలకి ఏ ఊరు వెళ్ళినా ఎవరో ఒకరు నన్ను పక్కకి పిలిచి ఇదే అడుగుతారు. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర చెప్పే రెండు మాటలతో తేలేది కాదు కాబట్టి, మేము చేసే పద్ధతంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. ఇది సంఘంలోకి ఎవరిని రానివ్వాలి అన్న విషయం కాదు. సంఘం తలుపులు అందరికీ తెరిచే ఉండాలి. నేను చెప్పేది వారానికొకసారి ఒకరింట్లో తలుపు దగ్గరగా వేసుకుని, భర్త తాగుడు, నిలవని గర్భం, తీరని అప్పు, మాట వినని కొడుకు, ఇవన్నీ పేర్లతో సహా చెప్పుకుని ఏడ్చి ప్రార్థించుకునే ఐదారుగురు సహోదరీల చిన్న బృందం గురించి. అక్కడికి వచ్చే ప్రతి కొత్త మనిషి చేతిలో మిగతా వాళ్ళందరి ఇళ్ళ పరువు ఉంటుంది. అందుకే ఇక్కడ వివేచన కావాలి.

మా బృందంలో జరిగిన తప్పు చెబుతాను. అది నా తప్పే. తొమ్మిదేళ్ల క్రితం చాలా చక్కగా పాడే ఒక సహోదరిని నేనే తీసుకొచ్చాను. "ప్రభువు ఈమెను నాకు చూపించాడు" అని అందరితో అన్నాను. ఆ మాట అన్నాక ఇంకెవరు కాదంటారు? మూడో వారంలో మాలో ఒక అక్క, తన కూతురు మనసు బాగాలేక మందులు వాడుతోందని మొదటిసారి నోరు తెరిచి చెప్పింది. పది రోజులు తిరక్కుండానే ఆ సంగతి పెళ్ళిమాటలు నడుస్తున్న ఇంటికి చేరింది. కొత్తగా వచ్చిన ఆమెకి చెడు ఉద్దేశం లేదు. "ప్రార్థన చేయమని నలుగురికి చెప్పానంతే" అంది. నేను ఆ అక్క ఇంటికి వెళ్తే కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు. వంటింటి గడపకి ఆనుకుని నిలబడి, నేను గ్లాసు కింద పెట్టేదాకా చూసి, "ఇంక రానులే అమ్మా" అంది. ఆ అక్క తర్వాత ఏ కూడికకీ రాలేదు. నాకు నచ్చింది ఆ కొత్త సహోదరి గొంతు. దాన్ని నేను దేవుని ప్రేరేపణ అనుకున్నాను.

కావలసినవి

ఒక మామూలు రూళ్ళ నోటు పుస్తకం. మీ దగ్గరే ఉండాలి, ఫోన్లో వద్దు. కనీసం మూడు నెలల సమయం. ఇప్పుడున్న సభ్యులందరి సమ్మతి, ఒక్కరిది కూడా తక్కువ కాకూడదు. మీ బృందంలో లేని, వయసులో పెద్దదైన, విన్నది బయటపెట్టని ఒక విశ్వాసురాలు. పాస్టరమ్మగారు కావచ్చు, రిటైరైన టీచరమ్మ కావచ్చు. మీరు తొందరపడుతుంటే ఆగమని చెప్పగలిగే మనిషై ఉండాలి. ఒక ఉపవాస దినం. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అన్నం మానొద్దు. వాళ్ళు ఆ రోజు ఫోను, టీవీ మానితే చాలు.

1. ముందు మీ బృందం ఏమిటో రాసుకోండి

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా మనిషిని పరీక్షించడం మొదలుపెడతారు. బృందం ఎందుకుందో మీకే తెలియకపోతే ఎవరు సరిపోతారో ఎలా తెలుస్తుంది? మూడు వాక్యాలు చాలు. ఎందుకు కూడుతున్నాం, ఏ రోజు ఎంతసేపు, ఇక్కడ విన్నది ఎక్కడిదాకా వెళ్ళొచ్చు.

తర్వాత కుర్చీలు లెక్కపెట్టండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు చెప్పుకునే సమయం ఇస్తే ఎనిమిది మందికి ఎనభై నిమిషాలు. పన్నెండు మంది అయితే రెండు గంటలు, ఇంకా ప్రార్థన మొదలే కాలేదు. అప్పుడు నోరున్నవాళ్ళే మాట్లాడతారు, మిగతావాళ్ళు "నాకేం లేదండి, నా కుటుంబం కోసం ప్రార్థించండి" అని ముగిస్తారు. ఎనిమిది దాటితే కొత్తవాళ్ళను చేర్చుకోవడం కాదు, రెండో బృందం మొదలుపెట్టడం గురించి ఆలోచించండి. తక్కువమంది ఉన్నామని దిగులు వద్దు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మోకరించింది అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురే. ఆ కొండను ఈ రోజుకీ ప్రార్థన కొండ అంటున్నాం.

2. ఆమెను చూసే ముందు మీ మనసు చూసుకోండి

ఈ మెట్టు మీద మీరు ఎంతసేపు నిలబడితే అంత మంచిది. నోటు పుస్తకంలో ఈ ప్రశ్నలకు ఎవరికి వారు జవాబు రాయండి, ఎవరికీ చూపించనక్కర్లేదు.

ఆమెలో నాకు నచ్చింది ఏమిటి? గొంతా, చదువా, ఇంగ్లీషా, కారు ఉందనా, విదేశంలో పిల్లలున్నారనా? ఆమెను వద్దనిపిస్తే ఎందుకు? ఆమె మాట తీరా, చీరా, ఉండే పేటా? ఆమె అచ్చం నాలాగే ఉంది కాబట్టి హాయిగా అనిపిస్తోందా?

ఇంకొక ప్రశ్న ఉంది. మనం రాయడానికి ఇష్టపడని ప్రశ్న. ఆమెది ఏ కులం అన్నది నా మనసులో ఎక్కడైనా తిరుగుతోందా? క్రీస్తులో కులం లేదని స్టేజీ మీద చెబుతాం. కానీ మన సంఘాలు ఎలా విడిపోయి ఉన్నాయో, పెళ్ళి సంబంధాలు ఎలా వెతుకుతామో మనకు తెలియనిది కాదు. చిన్న బృందం దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్ళు" అన్న మాట మెల్లగా దూరుతుంది. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మురికి బట్టలవాడిని నిలబడమన్న సంగతి యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. దాన్ని అందరూ కలిసి ఒకసారి గట్టిగా చదవండి. మీ బృందంలో అందరూ ఒకే కులం, ఒకే వీధి, ఒకే స్తోమత అయితే, మీరు ఇంతకాలం వివేచన అనుకున్నది ఏమిటో దేవుని ముందు అడిగి చూసుకోవాలి. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు. మా బృందంలో కూడా ఈ మాట ఎత్తినప్పుడు కాసేపు ఎవరూ తలెత్తలేదు.

3. ఆమెకు ఆశ పెట్టకుండా ప్రార్థించండి

"మిమ్మల్ని మా బృందంలోకి తీసుకుందామని ప్రార్థిస్తున్నాం" అని ఆమెతో అనకండి. ఆ మాట విన్న మనిషి ఆ రోజు నుంచి మామూలుగా ఉండలేదు. తర్వాత వద్దనుకుంటే గాయపడేదీ ఆమే. మూడు వారాలు మీరు మీరే, రోజూ ఒకే సమయంలో, ఎవరింట్లో వాళ్ళు ప్రార్థించండి. ఆమెకి ఏది మేలో అది అడగండి. మనకి ఏది మేలో అది తర్వాత.

ఆమే స్వయంగా అడిగి ఉంటే? అప్పుడు దాచొద్దు. "కొంచెం సమయం తీసుకుంటామండి, ప్రార్థించి నెలలోపు చెబుతాం" అనండి. చెప్పిన గడువు తప్పకండి.

4. నాలుగు చోట్ల గమనించండి

గమనించడం అంటే నిఘా పెట్టడం కాదు. ఇంటి పక్కవాళ్ళను ఆరా తీయడం, ఫేస్‌బుక్ వెతకడం, పాత సంఘానికి ఫోన్ చేసి గుచ్చి గుచ్చి అడగడం, ఇవేవీ చేయొద్దు. బహిరంగ కూడికల్లో, మామూలు పనుల్లో ఆమె మీ కళ్ళెదుట ఎలా ఉంటుందో చూడడమే.

మొదటిది, అక్కడ లేని మనిషి గురించి ఎలా మాట్లాడుతుంది? పాత సంఘం గురించి, అత్తగారి గురించి, పనమ్మాయి గురించి. బాధ చెప్పుకోవడం వేరు, వాళ్ళ గుట్టు విప్పడం వేరు. మీకు ఇంకొకరి రహస్యం చెప్పిన మనిషి, మీ రహస్యం ఇంకొకరికి చెబుతుంది. ఇది నేను చూసినవాటిలో దాదాపు ఎప్పుడూ తప్పని గుర్తు.

రెండోది, కాదన్నప్పుడు ఏం చేస్తుంది? కూడిక సమయం ఆమెకి కుదరదని తెలిసీ మార్చలేమన్నారు. పాట ఆమె చేత పాడించలేదు. ముఖం మాడ్చుకోవడం ఎవరికైనా ఉంటుంది, మనుషులం. వారం తర్వాత ఎలా ఉందో చూడండి.

మూడోది, వినడం. ఎవరైనా బాధ చెబుతుంటే మధ్యలో "నాకూ అంతే జరిగింది" అని తన కథ ఎత్తుకుంటుందా? వెంటనే వాక్యం చెప్పి మూసేస్తుందా? లేక ఊరికే కూర్చోగలుగుతుందా?

నాలుగోది, ఎవరూ చూడని పని. దీని గురించి ఒకటి చెప్పాలి. మా బృందంలోకి ఒక చెల్లిని తీసుకునే విషయంలో చాలాకాలం తటపటాయించాం. నలుగురిలో రెండు నిమిషాలు ప్రార్థన చేయడం కూడా ఆమెకి రాదు, "తండ్రీ, తండ్రీ" అని ఆగిపోయేది. ఆత్మీయంగా ఎదగలేదులే అనుకున్నాం. ఆ రోజుల్లో మాలో ఒకరి తల్లి ఆసుపత్రిలో ఉంటే అందరం వెళ్ళాం. తల మీద చేతులుంచి ప్రార్థించాం, పాట పాడాం, బత్తాయిలు పెట్టి వచ్చేశాం. ఆ చెల్లి బస్సు తర్వాత ఎక్కుతానని ఆగింది. మేము వెళ్ళాక మంచం కిందున్న ఉమ్మి గిన్నె తీసుకెళ్ళి కడిగి, అడుగున కాస్త ఇసుక పోసి మళ్ళీ అక్కడే పెట్టిందట. గంజి చల్లారబెట్టి చెంచాతో తాగించి, ముసలమ్మ మూతి తన కొంగుతో తుడిచిందట. మర్నాడూ వెళ్ళింది, ఆ పై రోజూ వెళ్ళింది. మాకెవరికీ చెప్పలేదు. ముసలమ్మ ఇంటికొచ్చాక, "ఆ మాట్లాడని పిల్ల రాలేదేమే?" అని అడిగితే అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ చెల్లి మా బృందంలోకి వచ్చి ఏడేళ్లు. ఇప్పటికీ ఆమె ప్రార్థన చిన్నదే.

వరాలు వేరు, ఫలం వేరు. పాడడం, వాక్యం చెప్పడం, దర్శనాలు చెప్పడం వరాల కిందికి వస్తాయి. గలతీ పత్రిక ఐదో అధ్యాయంలో ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం అని ఉన్నవి ఫలం. మనిషిని ఫలాన్ని బట్టి తెలుసుకోమన్నారు ప్రభువు. ఫలం కాయడానికి కాలం పడుతుంది, చూడడానికీ కాలం పడుతుంది. మూడు నెలలు అడిగింది అందుకే.

5. మీ "ప్రేరేపణ"ను పరీక్షించండి

"ఎందుకో నాకు ఆత్మలో సమాధానం లేదు." "చూడగానే ప్రభువు మాట్లాడాడు." ఈ మాటలు మనం తేలిగ్గా వాడేస్తాం. అవి నిజం కావచ్చు. కానీ ఆ రోజు మీకు నిద్ర తక్కువై ఉండొచ్చు, ఆమె మీ తోటికోడలిని గుర్తు చేస్తూ ఉండొచ్చు. సమస్తాన్నీ పరీక్షించమని వాక్యమే చెబుతోంది కాబట్టి ప్రేరేపణను పరీక్షించడం అవిశ్వాసం కాదు.

ఇలా చేయండి. అనిపించింది తేదీతో రాసుకోండి. ఎవరికీ చెప్పకండి. వారం తర్వాత మళ్ళీ చూడండి. అదే భారం నిలిచి ఉందా, చల్లారిందా? అది మిమ్మల్ని ఆమె కోసం ప్రార్థించేలా చేస్తోందా, లేక ఆమె తప్పులు వెతికేలా చేస్తోందా? మీరు చెప్పకుండానే ఇంకొకరికి కూడా అలాగే అనిపించిందా? ఇక చివరిది, "దేవుడు చెప్పాడు" అన్న మాట తీసేసి అదే విషయాన్ని మీ మాటగా చెప్పగలరా? చెప్పలేకపోతే అందులో ఏదో బలహీనత ఉంది.

బైబిల్లో రెండు సంగతులు దీనికి బాగా సాయపడతాయి. ఒకటి యెహోషువ తొమ్మిదో అధ్యాయం. గిబియోనువాళ్ళు పాత గోతాలు, అతుకులేసిన చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు తెచ్చి దూరదేశం నుంచి వచ్చామన్నారు. ఇశ్రాయేలీయులు రొట్టె చూశారు, దేవుణ్ణి మాత్రం అడగలేదు. ప్రమాణం చేసిన మూడు రోజులకి తెలిసింది వాళ్ళు పక్క ఊరివాళ్ళేనని. జాలి కలిగించే కథ ఒక్కటే ఆధారం చేసుకుని మాట ఇవ్వకండి.

రెండోది అపొస్తలుల కార్యములు పదహారు. ఫిలిప్పీలో దయ్యం పట్టి సోదె చెప్పే ఒక చిన్నది పౌలు వెంట పడి, వీళ్ళు సర్వోన్నతుడైన దేవుని దాసులని చాలా రోజులు కేకలు వేసింది. ఆమె అన్న మాటలో తప్పు లేదు. అయినా పౌలు వ్యాకులపడ్డాడు. మాట సరిగా ఉన్నంత మాత్రాన ఆత్మ సరిగా ఉన్నట్టు కాదు. వచ్చిన మొదటి నెలలోనే "ఇలాంటి బృందం నేనెక్కడా చూడలేదు, మీలాంటి అక్క నాకు దేవుడిచ్చిన తల్లి" అని పొగిడేవాళ్ళ దగ్గర కాస్త నెమ్మదించండి. అదే అధ్యాయంలో లూదియ కూడా ఉంది, అది మర్చిపోవద్దు. నది ఒడ్డున కూడిన స్త్రీలలో ఒకామె. నేను నమ్మకమైనదాన్నని మీరు ఎంచితే నా ఇంటికి రండి అని, తనను ఎంచే అవకాశం ఎదుటివాళ్ళకే ఇచ్చింది.

6. చీటీల మీద రాసి తేల్చండి

మూడు వారాల ప్రార్థన, ఉపవాస దినం అయ్యాక అందరూ కూర్చోండి. మాట్లాడుకోవడానికి ముందే ఎవరి చీటీ వాళ్ళు రాయాలి. ఈ క్రమం చాలా ముఖ్యం. ముందు మాటలు మొదలైతే పెద్దక్క ఏమంటే అందరూ అదే అంటారు.

చీటీ మీద మూడింట్లో ఒకటి రాయండి: రమ్మందాం, ఆగుదాం, వద్దు. కింద ఒక్క కారణం. ఆ కారణం మీ కళ్ళతో చూసిందో, మీ చెవులతో విన్నదో అయి ఉండాలి. "వాళ్ళు అనుకుంటున్నారు", "ఎవరో చెప్పారు" అన్నవి చెల్లవు.

అందరూ రమ్మందామంటే ముందుకు వెళ్ళండి. ఒక్కరు ఆగుదామన్నా నెల ఆగండి, ఆ ఒక్కరినీ ఒప్పించే ప్రయత్నం చేయకండి. ఒక్కరే వద్దన్నారు, కారణం చెప్పలేకపోతున్నారు అనుకోండి. అప్పుడు బయటి పెద్దావిడ దగ్గరికి ఆమె ఒక్కతే వెళ్ళి మాట్లాడమనండి. కొన్నిసార్లు నలుగురిలో చెప్పలేని నిజమైన కారణం ఉంటుంది. కొన్నిసార్లు అసూయ ఉంటుంది. రెండూ మాకు ఎదురయ్యాయి.

ఈ చోట బర్నబాను గుర్తు చేసుకోవాలి. విశ్వాసులను హింసించిన సౌలు, అంటే తర్వాత పౌలు, మారాడంటే యెరూషలేములో శిష్యులు నమ్మలేదు, భయపడ్డారు. భయపడడానికి కారణమూ ఉంది. బర్నబా అతన్ని వెంటబెట్టుకుని వచ్చి తనకు తెలిసింది చెప్పాడు. పాత జీవితం మచ్చగా ఉన్న స్త్రీ విషయంలో ఆమెను దగ్గరగా ఎరిగిన ఒకరు మీలో ఉంటే, ఆ సాక్ష్యానికి బరువివ్వండి.

7. ఆమెతో మాట్లాడండి

ఇద్దరు వెళ్ళండి, గుంపుగా వెళ్ళొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "అమ్మా, మా బృందంలో మీరుంటే బాగుంటుందని మాకనిపిస్తోంది. మీరూ ప్రార్థించి చూడండి. మూడు నెలలు వచ్చి చూశాక మీకు సరిపడకపోతే మానేయొచ్చు, మాకు సరిపడదనిపిస్తే మేమూ చెబుతాం. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు."

నియమాలు అప్పుడే చెప్పాలి, తర్వాత కాదు. విన్నది భర్తకి కూడా చెప్పకూడదు. ప్రార్థన మనవి పేరుతో బయట చెప్పకూడదు. ఫోటోలు తీయకూడదు. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా విశ్వాసంలో ఉన్న స్త్రీలు మనలో చాలామంది ఉన్నారు. ఒక్క గ్రూప్ ఫోటో స్టేటస్‌లో పెడితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో ఆలోచించండి.

డబ్బు గురించి మొహమాటం వద్దు. బృందంలో అప్పులు, చీటీ పాటలు, హామీ సంతకాలు, చీరలు, బంగారం స్కీములు, గొలుసు వ్యాపారాల సరుకులు ఏవీ ఉండవని మొదటి రోజే చెప్పేయండి. ఎవరికైనా నిజంగా అవసరం వస్తే తిరిగి ఆశించకుండా అందరూ కలిసి ఇచ్చేదే తప్ప, ఒకరి దగ్గర ఒకరు తీసుకోవడం ఉండదు. నేను చూసిన విడిపోయిన బృందాల్లో సిద్ధాంతం మీద విడిపోయినవాటి కంటే చీటీ డబ్బుల మీద విడిపోయినవే ఎక్కువ.

8. కొంచెం కొంచెంగా తెరవండి

మొదటి నెల పాటలు, వాక్యం, మామూలు ప్రార్థన మనవులు. వాట్సాప్ గ్రూపులో చేర్చకండి, అందులో ఎవరి సంగతి ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మూడు నెలలయ్యాక కొత్త గ్రూపు పెట్టుకోవడం మేలు. రెండో నెల మీలో ఒకరిద్దరు తమ సొంత విషయం, బయటికి వెళ్ళినా భరించగలిగింది, చెప్పండి. ఇంకొకరి విషయం ఆమె ముందు ఎత్తొద్దు. లోతైనవి మూడో నెల చివరికి.

ఒక హెచ్చరిక. కొందరు ఆమె నోరు పరీక్షించడానికి లేని రహస్యం ఒకటి కల్పించి చెప్పి, బయటికి వస్తుందేమో చూస్తారు. అది అబద్ధం. అబద్ధంతో ఆత్మలను వివేచించలేం. పైగా ఆమెకి అది ఎప్పుడైనా తెలిస్తే మీరిక ఏ ముఖంతో ప్రార్థిస్తారు?

వద్దనుకున్నప్పుడు ఎలా చెప్పాలి

అందరికీ ఇదే కష్టం. ఊరుకుంటే ఆమే అర్థం చేసుకుంటుందిలే అని తప్పించుకు తిరుగుతారు, అది చాలా నొప్పిస్తుంది. ఎదురుగా, ఒక్కరే, ఆమె ఇంట్లో చెప్పండి. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు.

"ప్రభువు వద్దన్నాడు" అనకండి. ఆ మాటతో ఆమెకీ దేవునికీ మధ్య గోడ కట్టినవాళ్ళవుతారు. "మేమంతా ప్రార్థించి మాట్లాడుకున్నామండి. ఇప్పుడు చేర్చుకోలేకపోతున్నాం. ఇది మా నిర్ణయం. మీ విశ్వాసం మీద మాకు అనుమానం లేదు. శుక్రవారం కూడికలో మనం ఎప్పటిలాగే కలిసి ఉందాం" అనండి. కారణం అడిగితే, ఆమె దిద్దుకోగలిగింది అయితే ఒక్కటి, మెత్తగా చెప్పండి. చోటు లేకపోవడమే కారణమైతే అదే చెప్పండి. తర్వాతి వారం కూడికలో ఆమె పక్కన మీరే వెళ్ళి కూర్చోండి.

ఆమె పెద్ద ఆపదలో ఉంటే ఇది ఇంకా జాగ్రత్తగా చేయాలి. ఇంట్లో కొడుతున్నారు, చచ్చిపోవాలనిపిస్తోంది అంటోంది, మీ బృందం అంత మోయలేదు. చేర్చుకోకపోయినా వదిలేయకూడదు. స్త్రీలకు సహాయానికి 181, ప్రాణాపాయమైతే 112, మనసు కుంగిపోతే టెలిమానస్ 14416. ఆమె పక్కన కూర్చుని మీరే ఫోన్ కలిపి ఇవ్వండి, ప్రార్థన కూడా చేయండి. డాక్టరు ఇచ్చిన మందులు మానమని మాత్రం ఎవరూ, ఏ పేరుతోనూ చెప్పకూడదు.

మళ్ళీ మళ్ళీ జరిగే పొరపాట్లు

జాలిని భారం అనుకోవడం. ఒంటరిగా ఉన్న మనిషిని చూసి కరిగిపోయి బృందంలోకి తెచ్చేస్తాం. ఆమెకు కావలసింది ఒక స్నేహితురాలైతే మీరే స్నేహితురాలు కండి, ఏడుగురి గుట్టు ఆమె ముందు పెట్టనక్కర్లేదు.

బంధుత్వం. "మా ఆడపడుచే కదా." వదిన ముందు ఆడపడుచు, ఆడపడుచు ముందు వదిన ఇంటి సంగతి చెప్పలేరు. వాళ్ళిద్దరూ మంచివాళ్ళే అయినా ఇద్దరి నోళ్ళూ మూతపడతాయి. అత్తాకోడళ్ళ విషయం చెప్పనే అక్కర్లేదు. మేము ఒకే ఇంటివాళ్ళు ఇద్దరిని తీసుకోం.

పాస్టరమ్మగారి మాట. ఆమె చెబితే కాదనలేమని చేర్చుకుంటారు. గౌరవంగా, "అమ్మగారూ, మూడు వారాలు ప్రార్థించి చెబుతామండి" అనొచ్చు. మంచి కాపరి ఎవరూ దీనికి నొచ్చుకోరు.

దర్శనాలు చెప్పేవాళ్ళకు భయపడడం. "నన్ను కాదంటే మీ ఇంటి మీదికి కీడు వస్తుందని చూశాను" అని ఎవరైనా అంటే, ఇక మూడు నెలలు అక్కర్లేదు. ఆ మాటే జవాబు.

ఇంకా ఒకటుంది. ఒకసారి మోసపోయినవాళ్ళు తలుపు పూర్తిగా మూసేస్తారు. ఆ అక్క వెళ్ళిపోయాక మేమూ రెండేళ్లు ఎవరినీ రానివ్వలేదు. దాన్ని జాగ్రత్త అనుకున్నాం, కానీ అది భయం. ఆ రెండేళ్లలో ప్రార్థన కోసం మా గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

సరిగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మూడో నెల చివర, ఆమె లేకుండా ఒకసారి, ఆమెతో ఒకసారి కూర్చోండి. లేనప్పుడు మిమ్మల్ని మీరు అడగండి: ఆమె వచ్చాక మనం తక్కువ చెప్పుకుంటున్నామా, ఎక్కువా? ఎప్పుడూ మాట్లాడే ఒకరు మౌనం అయ్యారా? కూడిక అయ్యాక గుమ్మం బయట ఇద్దరిద్దరు ఆగి గుసగుసలాడడం మొదలైందా? గుసగుసలు మొదలైతే ఎక్కడో తేడా ఉంది. ఆ తేడా ఆమెలోనే ఉందని అనుకోకండి, పాతవాళ్ళలోనూ ఉండొచ్చు.

ఆమెతో కూర్చున్నప్పుడు ఆమెను అడగండి: ఇక్కడ మీకు పరాయిగా అనిపించిన రోజు ఉందా? మేము మీ ముందు ఆపేసిన మాట ఏదైనా మీకు తెలిసిందా? జవాబు ఎంత చేదుగా ఉన్నా మధ్యలో అడ్డం రాకుండా వినండి. మా చెల్లిని ఇలా అడిగితే, "మీరందరూ ఒకరింట్లో ఒకరు అన్నం తింటారు, మా ఇంటికి ఎప్పుడొస్తారా అని చూశాను" అంది. మూడు నెలలు ఆమె మా ఇళ్ళకు వచ్చింది, మేము ఒక్కసారీ వాళ్ళ ఇంటికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో రెండో మెట్టులో రాసిన ప్రశ్నలు గుర్తున్నవాళ్ళకి తెలుస్తుంది. ఆ మరుసటి వారం కూడిక వాళ్ళింట్లో పెట్టాం. కూర్చోడానికి కుర్చీలు చాలక చాప వేసింది, పప్పుచారు, చిక్కుడుకాయ కూర వండింది. అందరం తిన్నాం.

అంతా కుదిరాక ఒక పని మిగులుతుంది. నోటు పుస్తకంలో ఆమె గురించి రాసుకున్న పేజీలు, ఆ రోజు రాసిన చీటీలు బయటికి తీయండి. ఎవరి చీటీ ఏదో మళ్ళీ చదవకుండా, అందరి ముందూ చించి కాల్చేయండి.